మూడు ద్వారాల నీళ్ళు

మొసలి నోరు మూసుకునేలోపల మైలారుడు దాని వీపు మీద కాలు మోపి ఒడ్డుకు దూకాడు. వెనక పళ్ళు ఫట్టున కొట్టుకున్నాయి. పంచె చెంగు చిరిగి మొసలి పాలయింది. పోతే పోయింది. నడుముకు కట్టుకున్న సొరబుర్రను రెండు చేతులా తడుముకున్నాడు. బిరడా కదల్లేదు. చుక్క ఒలకలేదు.

తలెత్తి చూశాడు. పొద్దు పడమటికి వాలుతోంది. ఇంక అరజాము మాత్రమే మిగిలింది.

ఎదురుగా చంద్రశిలానగరం. పాలరాతి కోటగోడ ఎండకు పుట్టతేనెలా మెరుస్తోంది. బురుజు బురుజుకూ వెండి మువ్వలు కట్టారు. గాలి వీచినప్పుడల్లా నగరమంతా ఒక నర్తకిలా ఘల్లుమంటుంది. కందకంలో ఎర్రకలువలు, గోడల మీద పింఛాలు ఆరబెట్టుకునే నెమళ్ళు, రాచమేడల మీద పగలే చుక్కలు పొడిచినట్టు రతనాల కలశాలు. దేశాలు దాటి వచ్చిన బాటసారులు ఆ అందం చూసి నోట మాట రాక నిలబడిపోతారట. మైలారుడికి మాత్రం ఆ ఊళ్ళో నోట మాట లేకుండా పోయి తొమ్మిదేళ్ళయింది.

అతను పాలవాడు. రాజుగారి వంటశాలకు పాలు పోసేవాడు. ఆ పాలల్లో నీళ్ళు బయటపడ్డాయి. పోయించినవాడు వంటశాల అధికారి, దెబ్బలు తిన్న వీపు మైలారుడిది. దెబ్బలతో పోయినా బాగుండేది. మహారాజు మకుటవర్ధనుడు అతనికి పలుకువెలి వేశాడు. అంటే, ఊళ్ళో ఎవరూ అతనితో మాట్లాడకూడదు. అతని మాట చెవిన పడనివ్వకూడదు. తప్పనిసరై ఏమైనా చెప్పాల్సివస్తే దగ్గరున్న రాయికో రప్పకో చెప్పాలి. పేరు పెట్టి నేరుగా పలకరించినవాడికి అదే శిక్ష పడుతుంది. అతని మాట వినే హక్కు మహారాజు చెవులకు తప్ప ఎవరి చెవులకూ లేదు. ఆ రాజదర్శనమేమో వెలిపడ్డవాడికి దొరకదు.

తొమ్మిదేళ్ళు ఊరి బయట గుడిసెలో గేదెలతో బతికాడు. గేదెలు నయం. పిలిస్తే కనీసం తల తిప్పుతాయి.

ఈ మధ్య ఒకరోజు దారి తప్పిన గుర్రం ఒకటి అతని గుడిసె ముందు ఆగింది. దాని మీద రాకుమారి కేతకి. వెలివాడని ఎరగక నేరుగా అడిగింది: "ఈ దూడ పేరేమిటి?"

"పేరు లేదమ్మా."

"పేరు లేకపోతే ఎలా పిలుస్తావు?"

"పిలవను. దానంతటదే వస్తుంది."

రాకుమారి నవ్వి, దారి కనుక్కుని వెళ్ళిపోయింది. అంతే జరిగింది. ఆ నాలుగు మాటలను మైలారుడు కొన్ని వందలసార్లు తిరగేసుకున్నాడు.

ఆ తరవాత కాలజంఘుడనే మాంత్రికుడు, తనను పెళ్ళాడనన్నందుకు ఆ పిల్లను మంత్రదండంతో తాకాడు. ఆమె పాదాలు రాయయ్యాయి. రోజుకింత చొప్పున రాయి పైకి పాకింది. ముప్పయ్యోరోజు పొద్దు గుంకగానే మిగిలిన ఒళ్ళు కూడా ఒక్కసారే నెత్తి దాకా రాయవుతుందని జోస్యులు తేల్చారు. మందు శిలాద్రి మీద ఒక యోగిని దగ్గర ఉందని, తెచ్చినవాడు కోరిన కోరిక తీరుస్తానని రాజు దండోరా వేయించాడు. ఆస్థాన వీరులందరికీ ఆ రోజే మోకాళ్ళ నొప్పులు పట్టుకున్నాయి. దండోరా తనను ఉద్దేశించింది కాకపోయినా విన్నాడు మైలారుడు. గేదెల పలుపులు విప్పేసి బయల్దేరాడు.

ఈరోజు ముప్పయ్యోరోజు.

యోగిని బుర్ర చేతికిస్తూ చెప్పిన మాట అతని చెవుల్లో ఇంకా మోగుతోంది. "ఇందులో ముప్పైరెండు ఉద్ధరిణెల మందుంది. ఉద్ధరిణెకు ఒక గురిగింజ ఎత్తు సారం కరిగి ఉంది. ఆ పిల్లకు కావలసింది మూడు గురిగింజల సారం. తగ్గితే రాయి పూర్తిగా కరగదు. నాలుగు దాటితే రాయితోపాటు నెత్తురు కూడా నీరై పోతుంది. పొద్దు గుంకాక ఏం పోసినా వృథాయే." అని, ఆస్థానంలో చూపించమని ఒక తాటాకు కూడా రాసిచ్చింది. చదువురాని మైలారుడు ఆ ఆకును తలపాగాలో దోపుకున్నాడు.

పరుగున మొదటి ద్వారం చేరాడు.

అక్కడిద్దరు కావలివాళ్ళు పచ్చీసు ఆడుతున్నారు. పెద్దవాడు తలెత్తి మైలారుణ్ణి చూసి, చేతిలో బల్లెంతో అన్నాడు: "ఓ బల్లెమా! ఈ వచ్చినవాణ్ణి అక్కడే ఆగమను."

"ఆ బుర్రలో ఏముందో కనుక్కో బల్లెమా," అన్నాడు రెండోవాడు. "నీళ్ళ పాలా, పాల నీళ్ళా?"

ఇద్దరూ పడీపడీ నవ్వారు.

"అయ్యా, ఇది రాకుమారి మందు!" అని మైలారుడు నోరు తెరవగానే ఇద్దరూ డాళ్ళ మీద బల్లేలతో ఢమఢమా వాయించడం మొదలుపెట్టారు. అతని గొంతు ఆ మోతలో మునిగిపోయింది. పెద్దవాడు బుర్ర లాక్కున్నాడు.

ఆ నగరంలో ఒక ఆచారం ఉంది. కోటలోకి వచ్చే ఏ ద్రవంలోనైనా సగం ద్వారభాగం. ప్రతి ద్వారం పక్కనా ఉండే సింహంలాంటి రాతి యాళి నోట్లో ఆ సగం పొయ్యాలి. విషమైతే యాళి కళ్ళు నల్లబడతాయి. ఆ తరవాత సంగతే అసలు సంగతి. సగం పాత్ర రాజు ముందుకు పోవడం అశుభం కనక, మిగిలిన సగాన్ని ద్వారం దగ్గరి మంచినీళ్ళతో అంచుదాకా నింపి పంపాలి. పాలైనా, తేనె అయినా, నెయ్యి అయినా అంతే. ఆ నగరంలో రాజుగారు జన్మలో ఒక్కనాడు కూడా చిక్కటి పాలు తాగి ఉండరు. అయినా నీళ్ళు పోసిన నేరం మైలారుడిది!

అతను చూస్తూండగానే సగం మందు యాళి గొంతులో గుడగుడా దిగింది. పోయినన్ని నీళ్ళు బుర్రలో పడ్డాయి. బుర్ర నిండింది.

సగం, అనుకున్నాడు మైలారుడు. పదహారు గురిగింజలు పోయాయి, పదహారు మిగిలాయి. ఉద్ధరిణెకు అర గురిగింజ.

బుర్ర లాక్కుని పరుగెత్తాడు.

రెండో ద్వారం దగ్గర బొద్దుమీసాల కావలివాడు ఒక్కడే ఉన్నాడు. పేరు దేవరాయుడు. మైలారుడు ఈసారి నోరు విప్పలేదు, చేతులు జోడించాడు. కాళ్ళ మీద పడ్డాడు. దేవరాయుడు అతని మీదుగా వంగి గడపతో అన్నాడు: "ఓ గడపా, లేవమను. నా ఉద్యోగం నాకుంది." మందులో సగం యాళికి పోయింది. నీళ్ళు బుర్రకి వచ్చాయి.

సగంలో సగం. ఎనిమిది గురిగింజలు. ఉద్ధరిణెకు పావు.

మూడో ద్వారం చేరేసరికి కోటగోడ నీడ వీధికి అవతలి అంచు తాకింది. అక్కడ కావలి గౌరసాని అనే ముసలామె. మొగుడు యుద్ధంలో పోతే ఆ బల్లెం ఆమె చేతికొచ్చింది. ఆమె మైలారుడి మొహం ఒక క్షణం చూసింది. తరవాత బుర్ర తీసుకుని వీపు తిప్పి యాళి ముందు వంగింది. గలగలా చప్పుడైంది. బుర్ర తిరిగి చేతికొచ్చింది. అంచుదాకా నిండుగా ఉంది.

"ఓ గొళ్ళెమా, తొందరగా తెరుచుకో," అంది ముసలామె. "పొద్దు పోతోంది."

సగంలో సగంలో సగం, అనుకున్నాడు మైలారుడు. నాలుగు గురిగింజలు. ఉద్ధరిణెకు అరపావు.

*

రాకుమారి మందిరం కళ్ళు చెదిరేలా ఉంది. ముత్యాల తోరణాలు, నెమలికంఠం రంగు తెరలు, అగరుధూపం. పైకప్పు మధ్య తెరిచిన గవాక్షం. నడుమ నాలుగు బంగారు గొలుసులకు వేలాడదీసిన పగడపు కోళ్ళ మంచం. మంచం మీద కేతకి. పాదాల నుంచి గుండెల దాకా నల్లరాయి. రాయి లోపల ఊపిరి ఏ మూల ఆడుతోందో గాని, గొంతులోంచి మాటగా వచ్చేంత గాలి లేదు. కళ్ళు మాత్రం కదులుతున్నాయి. చుట్టూ మహారాజుతో సహా ఇంతమంది. మాట్లాడేవాళ్ళే అందరూ. ఆమెతో మాత్రం ఎవరూ మాట్లాడటం లేదు. రాయితో ఏం మాట్లాడతాం అనుకున్నారు కాబోలు.

మైలారుడు రెండడుగుల దూరంలో ఉండగానే వింజామరలు వీచే చామరగ్రాహిణులు పక్కకు తప్పుకున్నారు. ఆస్థాన వైద్యుడు శంఖభట్టు ముందుకొచ్చాడు. పట్టుశాలువా, చెవులకు కుండలాలు. వెంట మందులు నూరే రాతి కల్వాన్ని వెండి పళ్ళెంలో పెట్టి మోసే మనిషి. వైద్యుడు కల్వంతో అన్నాడు: "ఓ కల్వమా! యోగిని పంపిన ఆకుందా లేదా అడుగు."

మైలారుడు తలపాగాలోంచి ఆకు తీసి ఇచ్చాడు. శంఖభట్టు గొంతు సవరించుకుని రాగయుక్తంగా చదివాడు. "మూడు ఉద్ధరిణెలు. నాలుగు దాటరాదు. దాటిన మృత్యువు." తల పంకించాడు. "ఎంత స్పష్టంగా ఉంది!"

"మూడు కాదు!" అని అరిచాడు మైలారుడు. "మహారాజా, మీ ద్వారాల దగ్గర..."

నలుమూలల నుంచీ భటులు డాళ్ళు మోగించారు. ఆ మోత ఆగేసరికి శంఖభట్టు మూడు ఉద్ధరిణెల మందు రాకుమారి నోట్లో పోసేశాడు.

ఏమీ కాలేదు. రాయి రాయిలాగే ఉంది. పైగా గుండెల మీది నలుపు ఇంకో వెంట్రుక మందం పైకి పాకింది.

"మోసం!" అన్నాడు శంఖభట్టు కల్వంతో. "చూశావా కల్వమా, దారిలో ఏ చెరువు నీళ్ళో పట్టుకొచ్చాడు. అలవాటు పడ్డ చెయ్యి కదా!"

మందిరమంతా కిలకిలలాడింది. మకుటవర్ధన మహారాజు మాత్రం నవ్వలేదు. నెలరోజులుగా గడ్డం గీయించుకోని ఆ మనిషి తన ఆసనం చేతికున్న బంగారు సింహం తల మీద చెయ్యి వేశాడు. "సింహమా! ఆ మనిషిని చెప్పమను. నేను వింటాను. డాలు మోగించినవాడి చెయ్యి తీయిస్తాను."

తొమ్మిదేళ్ళలో మొదటిసారి, అంతమంది నిశ్శబ్దంగా ఉండగా మైలారుడు మాట్లాడాల్సివచ్చింది. రెండుసార్లు దగ్గి మొదలుపెట్టాడు.

"మహారాజా, నేను ఏడో ఏట బడి మానేసి గేదెల వెంట పడ్డవాణ్ణి. నాకు శాస్త్రాలు రావు. పాలల్లో నీళ్ళు మాత్రం వచ్చు. చెంబెడు పాలు తీసుకోండి. సగం పారబోసి నీళ్ళతో నింపండి. చెంబు నిండే ఉంటుంది. పాలెన్ని? అరచెంబు. మళ్ళీ సగం పారబోసి మళ్ళీ నింపండి. చెంబు నిండే! పాలు పావు చెంబు. ఇంకోసారి పారబోస్తే పావులో సగం. చూసేవాడికి చెంబు నిండుగానే కనబడుతుంది. తాగేవాడికే తెలుస్తుంది."

"అయితే?" అన్నాడు రాజు, సింహాన్ని మరిచిపోయి. వెంటనే నాలుక కరుచుకుని, "అయితే ఏమిటో అడుగు సింహమా," అన్నాడు.

"మీ మూడు ద్వారాలూ ఈ మందుకి ఆ పనే చేశాయి. యోగిని ఇచ్చినప్పుడు మూడు ఉద్ధరిణెల్లో ఉన్న సారం ఇప్పుడు ఇరవైనాలుగు ఉద్ధరిణెల్లో ఉంది. వైద్యులు మూడు పోశారు. ఇంకా ఇరవైఒకటి పొయ్యాలి."

శంఖభట్టు ఉలికిపాటుకు కల్వం ఎగిరి కిందపడేంత పనయింది. "ఇరవైఒకటా! నాలుగు దాటితే మృత్యువని ఆకు ఘోషిస్తుంటే! కల్వమా, వీడు కాలజంఘుడి మనిషి కాకపోతే నా పేరు మార్చుకుంటాను!"

"ఆకు రాసినావిడ ఉద్ధరిణెని చూసి రాయలేదయ్యా, ఉద్ధరిణెలో ఉన్న సారాన్ని చూసి రాసింది. ఆవిడకి మీ ద్వారాల సంగతి ఏం తెలుసు? లోకంలో ఇట్లాంటి ఊరుంటుందని ఏ యోగినైనా కల కంటుందా?"

రాజు కూతురి వైపు చూశాడు. ఆమె కళ్ళు వైద్యుడి మీద లేవు, తండ్రి మీద లేవు. మైలారుడి చేతిలోని బుర్ర మీద నిలిచి ఉన్నాయి. ఎడమ కంటి చివర నుంచి ఒక నీటిచుక్క చెవి మీదకు జారింది. గవాక్షంలోంచి పడే ఎండ మంచం దాటి, గోడెక్కి, కెంపురంగుకు తిరిగింది.

"సింహమా," అన్నాడు రాజు. "ఉద్ధరిణె అతనికివ్వమను. నా బిడ్డ చస్తే అతని తల తీయమను."

మైలారుడు మంచం మీదకెక్కి మోకాళ్ళ మీద కూచున్నాడు. బిరడా తీశాడు. ఉద్ధరిణె నింపి ఆమె పెదవుల దగ్గరికి తెచ్చాడు.

"మైలారూ! ఆగు నాయనా!"

ఎవరో వీపు మీద చరిచినట్టయింది అతనికి. ఆ పేరు. పేరు పెట్టి. నేరుగా.

గుమ్మంలో గౌరసాని నిలబడి ఉంది. పరుగెత్తుకొచ్చి ఆయాసంతో రొప్పుతోంది. బల్లెం కర్రలా నేల మీద ఆనించి ఊగుతోంది. మందిరం యావత్తూ బిగుసుకుపోయింది.

"ఎవరితో మాట్లాడుతున్నావే ముసలిదానా?" అని గద్దించాడు దళపతి.

"ఎవరితోనా? కళ్ళు దొబ్బాయా నీకు? మైలారుడితో," అంది గౌరసాని. దళపతి వైపు మళ్ళీ చూడనైనా లేదు. "మైలారూ, నా ద్వారం దగ్గర నేను ఒలకబొయ్యలేదురా అయ్యా. నీ మొహం చూస్తే చేతులు రాలేదు. నీళ్ళ ముంత గలగలలాడించి, వీపు అడ్డం పెట్టి, నీ బుర్ర నీకే ఇచ్చేశాను. మేలు చేశాననుకున్నా. నువ్వేదో లెక్క చెబుతున్నావని తలుపు దగ్గరి పిల్లలు అంటుంటే విని గుండె ఆగినంత పనయింది. మూడోసారి జరగలేదయ్యా. రెండే."

మైలారుడి చెయ్యి గాల్లోనే ఆగింది.

"అబద్ధం!" అన్నాడు శంఖభట్టు. "ద్వారాచారం తప్పిన కావలి ఈ నగరంలో పుట్టలేదు. కల్వమా, ఇద్దరూ కలిసి ఆడుతున్న నాటకం ఇది!"

మైలారుడు అతని మాట వినడం లేదు. లెక్క తిరగబడింది. రెండు ద్వారాలే అయితే ఉద్ధరిణెకు పావు గురిగింజ సారం ఉంది. అలాంటప్పుడు ఇరవైనాలుగు పోస్తే ఆరు గురిగింజలు. ఈ పిల్ల నెత్తురు నీరై మంచం మీంచి కారిపోతుంది. ముసలామె అబద్ధమాడుతుంటే, ఆ మాట నమ్మి పన్నెండుతో ఆపితే, అందేది గురిగింజన్నర. రాయి కరగదు, పొద్దు గుంకుతుంది. ఎక్కువైతే చావు. తక్కువైతే రాయి. పన్నెండు పోసి, చూసి, మళ్ళీ పొయ్యడానికి పొద్దు లేదు. నడుమ దారి లేదు. నాలుక మీద వేసుకుని చూద్దామా అంటే ఆ సారానికి రుచీ లేదు, రంగూ లేదు.

అతను గౌరసాని వైపు చూశాడు.

ఆమె చుట్టూ అప్పుడే ఖాళీ ఏర్పడింది. శాసనం పని మొదలుపెట్టింది. పక్కనున్న భటులు నాలుగడుగులు వెనక్కి జరిగారు. ఆమె వెనకాలే పరుగెత్తుకొచ్చిన రెండో ద్వారం దేవరాయుడు గుమ్మం దగ్గర ఆగిపోయాడు.

"అబ్బాయ్, నువ్వైనా చెప్పు," అంది గౌరసాని అతనితో. "మీ అమ్మ అబద్ధమాడే మనిషా?"

దేవరాయుడి మీసాలు అదిరాయి. నోరు తెరిచాడు. దళపతి చెయ్యి కత్తి మీదికి పోయింది. దేవరాయుడు నోరు మూసుకుని గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. గోడతో కూడా ఏమీ చెప్పలేదు.

ముసలామె కాసేపు ఆ వీపు వంక చూసింది. తరవాత కొంగుతో మొహం తుడుచుకుంది.

చాలు, అనుకున్నాడు మైలారుడు. ఇంతకన్నా తూకం ఏం కావాలి? ఒక్క అబద్ధం కోసం కన్నకొడుకు మాట పోగొట్టుకునే మనిషి ఉండదు. ఆ పోగొట్టుకోవడమంటే ఏమిటో ఈ గదిలో తనకు తెలిసినట్టు ఎవరికీ తెలియదు.

"మహారాజా! పన్నెండు. మూడు పోశారు. ఇంక తొమ్మిది," అన్నాడు.

"ఇప్పుడే ఇరవైఒకటన్నాడు!" అంటూ శంఖభట్టు గొంతు చించుకున్నాడు.

"లెక్క తప్పలేదు వైద్యులుగారూ. ద్వారం తప్పింది."

ఒకటి. రెండు. గొంతు మెల్లగా కదులుతోంది. మూడు. నాలుగు. మంచం కింద ఎక్కడో పెళ్ళున చప్పుడైంది. దాసి ఒకతె కెవ్వుమంది. రాకుమారి పాదాల మీది నల్లరాయి ఎండిన బురదలా పగిలి, పెచ్చులు పెచ్చులుగా రాలుతోంది. ఐదు. మోకాళ్ళ దాకా. ఆరు. రాజు లేచి నిలబడ్డాడు. ఏడు. నడుము దాకా రాలింది. చేతివేళ్ళు కదిలాయి. గుండెల మీది రాయికి నిలువునా సన్నటి బీట పడింది. ఇంక రెండు.

అప్పుడు నెత్తిన పిడుగు పడ్డట్టయింది.

ఆ మందిరం శిఖరం మీద ఒక రాతిగద్ద ఉంటుంది. ఏనుగంత రూపం, ఇంద్రనీలాల కళ్ళు. ఎవరు చెక్కారో ఎవరికీ తెలియదు. నెల కిందట ఒక ఉదయం అక్కడ కనబడింది. శకునం మంచిదని జోస్యులు పూజలు కూడా చేయించారు. కాలజంఘుడు పెట్టిన కాపలా అది. శాపం కరుగుతున్న వాసన తగలగానే దాని రెక్కల కీళ్ళు కిర్రుమని విచ్చుకున్నాయి. గవాక్షం అంచులు పిండి పిండి అయ్యాయి. రెండు రాతిగోళ్ళు లోపలికి దిగి మంచం నాలుగు బంగారు గొలుసులనూ ఒక్కసారే పిడికిట పట్టుకున్నాయి.

"కేతకీ!" అని రాజు అరిచిన అరుపు ముత్యాల తోరణాలు రాలే చప్పుడులో కలిసిపోయింది. మంచం విసురుగా పైకి లేచింది. రాకుమారితోపాటు, ఆమె మీదికి వంగి ఉన్న మైలారుడు కూడా. అతని చేతిలోంచి ఉద్ధరిణె జారి, తిరుగుతూ తిరుగుతూ, నోరు తెరిచి పైకి చూస్తున్న శంఖభట్టు కల్వంలో ఖంగుమని పడింది.

క్షణాల్లో నగరం కాళ్ళ కింద చెంబు మూతంత అయింది. బురుజుల మువ్వలు వినబడటం మానేశాయి. కందకం, నది, మొసళ్ళు, అడవి అన్నీ గిర్రున వెనక్కి పోయాయి. ఎదురుగా పడమటి సముద్రం, కరిగిన రాగిలా. సూర్యుడి కింది అంచు అప్పుడే నీటిని తాకబోతోంది.

గాలి కొరడాలతో కొడుతోంది. మంచం ఉయ్యాలలా ఊగుతోంది. మైలారుడు బుర్రకు బిరడా బిగించి, ఒక కాలు పగడపు కోడుకి మెలేసి, ఎడమ చేత్తో రాకుమారి తల ఎత్తి పట్టుకున్నాడు. కరిగిన నడుం దాకా మనిషి, ఆ పైన గుండెల దాకా రాయి. అంత బరువూ అతని మోచేతి మీదుంది. ఆమె కళ్ళు అతన్నే చూస్తున్నాయి.

ఇంకా రెండు ఉద్ధరిణెలు. ఉద్ధరిణె లేదు.

"అమ్మా, భయపడకు," అన్నాడు. గాలికి తన మాట తనకే వినబడలేదు. "దూడలకి ఆముదం పట్టేటప్పుడు నాకు ఉద్ధరిణె ఎవడిచ్చాడు? అరచెయ్యే కొలత. ఈ మొదటి గీత దాకా నిండితే ఒకటి. ఇరవై ఏళ్ళుగా తప్పలేదు."

పళ్ళతో బిరడా లాగి, బుర్రను మోచేతి వంపులో ఇరికించి, కుడి అరచేతిలో వంచాడు. నీళ్ళలాంటి మందు గీత దాకా పాకి ఆగింది. ఆమె పెదవుల మధ్యకు జార్చాడు. ఎనిమిది.

రెండోసారి వంచాడు. గీతను తాకింది. సరిగ్గా అప్పుడే గద్ద రెక్క ముడిచి పక్కకు ఒరిగింది. మంచం ఒక కొసన నిలబడినంత పనయింది. అరచేతిలోది కొంత ఆమె నోట్లో పడింది, కొంత చెంప మీద చిమ్మింది. ఎంత పడింది? ఎంత పోయింది? మళ్ళీ పోస్తే ఎక్కువవుతుందేమో, పొయ్యకపోతే రాయి మిగులుతుందేమో! లెక్క చెప్పడానికి ఆ ఆకాశంలో ద్వారమూ లేదు, గౌరసానీ లేదు.

పోయింది గాలికి పోలేదు. ఆమె చెంప మీదే ఉంది. కుంకుమ దిద్దినంత జాగ్రత్తగా వేలి కొసతో ఆ చుక్కలన్నిటినీ చెవి దగ్గర నుంచి, గడ్డం మీద నుంచి పెదవుల వైపు తోశాడు. ఒక్కొక్క చుక్కే లోపలికి జారింది. చివరి చుక్క ఆమె పెదవి మీద ఆగి, మెరిసి, మాయమైంది.

తొమ్మిది.

సూర్యుడు సగం మునిగాడు.

గుండెల మీది బీట చిట్టచివరి దాకా పాకింది. రాయి రెండు పలకలుగా విడిపోయి మంచం మీంచి జారి, కింద సముద్రంలో ఎక్కడో పడింది. రాకుమారి ఛాతీ ఒక్కసారి ఎగసిపడింది. నెలరోజులుగా లేని ఊపిరి, ఈలలా, ఏడుపులా లోపలికి పోయింది. ఆమె నెత్తురు నీరవలేదు. ఎర్రగా చెంపల్లోకి పొంగింది.

పెదవులు కదిలాయి. మైలారుడు చెవి దగ్గర పెట్టాడు.

"మైలారూ," అంది కేతకి, బొంగురుగా. తరవాత అతని భుజం మీదుగా ఎటో చూసి, బిగ్గరగా, "వెనక!"

అరక్షణం, ఒక్క అరక్షణం మాత్రం, అతను ఆ పిలుపు దగ్గరే ఉండిపోయాడు. అప్పుడు పగడపు కోడు ఒకటి పెళ్ళున విరిచి చేతబట్టి వెనక్కి తిరిగాడు. గద్ద గోళ్ళను పట్టుకుని, గొలుసు మీదుగా ఒక్కొక్క అడుగే వేస్తూ, ఇంతసేపూ గద్ద వీపు మీద దాగి ఉన్న కాలజంఘుడు కిందికి దిగుతున్నాడు.